క్లెమ్ నంబరు మీద నోలా గుండె

డాక్టర్ క్రాడక్ నోలాని గుమ్మం లోపలికి కూడా రానివ్వలేదు. ఆ సంగతి క్లెమ్ ట్రెవారో చచ్చేదాకా మర్చిపోడు. తిట్టి పంపించినా బాగుండేది, తిట్టినవాణ్ణి తిరిగి తిట్టొచ్చు. క్రాడక్ కుర్చీలోంచి లేచాడు, కళ్ళజోడు తీశాడు, ఎండలో నిలబెట్టినందుకు క్షమించమన్నాడు, అని తలుపు దగ్గరే ఆపేశాడు.

మంగళవారం సాయంత్రం నాలుగు దాటింది. సీసం గనుల ఊరు బ్రోకెన్ హిల్‌లో, యూనియన్ హాల్లో గని మనుషులు డెబ్భై మంది చొక్కాలు విప్పి చేత్తో పట్టుకుని వరసలో ఉన్నారు. మూడేళ్ళకోసారి పట్నం నుంచి ఈ గుండె పరిశోధన వాళ్ళు దిగుతారు. గని ఆఫీసు ఇచ్చిన జాబితా చూసి పిలుస్తారు. ఆ జాబితాలో ముందుండేది పేరు కాదు, ఇత్తడి బిళ్ళ నంబరు. క్లెమ్‌ది ఆరువందల పదకొండు.

నోలా జాబితాలో లేదు. మొగుడితో పాటు నడిచి వచ్చింది, అంతే. మంచి బట్టలేసుకుని, టోపీ పెట్టుకుని వచ్చింది.

"నాకు దవడ లాగుతోంది డాక్టర్. ఎడం పక్క. బరువెత్తితే చెయ్యి కూడా రాయిలా అయిపోతుంది. ఆగితే పోతుంది, మళ్ళీ ఎత్తితే వస్తుంది" అంది గుమ్మంలోంచే. "పళ్ళనుకుందామంటే నావి కట్టుడుపళ్ళు. వాటికి నొప్పెలా వస్తుంది?"

"మీ ఊరి డాక్టర్ ఏమన్నారమ్మా?"

"ముట్లు ఆగే వయసన్నాడు. పసుపు మాత్రలిచ్చాడు. వేసుకుంటే నిద్రొస్తోంది గానీ దవడ దవడే."

"ఇది మగవాళ్ళ మీద చేస్తున్న పరిశోధనమ్మా. ఆడవాళ్ళని కలిపితే లెక్కలు చెదిరిపోతాయి. మీ ఒంట్లో నెలనెలా మార్పులుంటాయి కదా."

"నాకు అవి ఆగిపోయి రెండేళ్ళయింది."

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. క్రాడక్ నవ్వలేదు. "ఆగిపోతే ఇంకో రకం మార్పులమ్మా" అన్నాడు ఎంతో మర్యాదగా. నోలా మొగుడి వైపు చూసింది. క్లెమ్ చొక్కా చేత్తో పట్టుకుని, ఛాతీ బయటపెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ వేషంలో మనిషి ఏం పోట్లాడతాడు?

"సరే, నేను పోయి మాంసం చాప్స్ పెడతా. ఆలస్యం చెయ్యకు" అనేసి ఆమె మెట్లు దిగింది. మధ్యలో ఒక మెట్టు మీద ఆగడం క్లెమ్ చూశాడు.

సిస్టర్ బెవ్ హాలోరన్ అతన్ని బల్ల మీద కూచోబెట్టింది. పొడి బ్లేడుతో ఛాతీ మీద ఐదు చోట్ల వెంట్రుకలు గీకింది. స్పిరిటు దూదితో తుడిచి, చర్మం ఎర్రబడేదాకా గరుకు కాగితంతో రుద్దింది. ఒక్కో చోట ఒక్కో ప్లాస్టరు అంటించి దానికి తీగ తగిలించింది. క్లెమ్ ఇరవై ఆరేళ్ళుగా బండలో కన్నాలు తొలిచి పేలుడు మందు దట్టిస్తున్నాడు. తీగ కనిపిస్తే అది ఎక్కడికి పోతోందో చూడకుండా ఉండలేడు. తెల్లది కుడి భుజం కింద. నల్లది ఎడమ భుజం కింద. గోధుమరంగుది మధ్యలో ఎముక మీద. ఆకుపచ్చది కుడి పక్కటెముకల మీద, ఎర్రది ఎడమ పక్కటెముకల మీద.

"ఏంటలా గుడ్లప్పగించి చూస్తున్నారు? పేలదు లెండి" అంది సిస్టర్.

"పేలేవాటినీ ఇట్లాగే చూస్తాను సిస్టర్. అందుకే పది వేళ్ళూ ఉన్నాయి."

తీగలన్నీ పోయి ఇటుకంత పెట్టెలో కలిశాయి. పెట్టెలో టేపు తిరుగుతోంది. దాన్ని తోలు సంచిలో పెట్టి నడుముకి కట్టింది. "రేపు సాయంత్రం నాలుగున్నరకి తెచ్చివ్వండి. అందాకా తియ్యకూడదు. గనిలో చెమటకి ఊడితే ఇవి అంటించుకోండి" అని పన్నెండు ప్లాస్టర్ల పొట్లం చేతిలో పెట్టింది. పైన ఒక అట్ట ముక్క కూడా. "ఏ టైముకి ఏం పని చేస్తున్నారో, ఏమనిపించిందో ఇందులో రాయాలి. అబద్ధాలు రాయకండి, టేపు చెప్పేస్తుంది."

"మా ఆవిడ పక్కనే పడుకుంటుంది, మరి?"

"గోడ వైపు తిరిగి పడుకోమనండి" అంది సిస్టర్, తల ఎత్తకుండానే. "నెక్స్ట్!"

*

పెళ్ళయిన ఆడదానికి ఊళ్ళో ఉద్యోగం ఇవ్వకూడదని యూనియన్ల కట్టుబాటు. క్లెమ్ కూడా చెయ్యెత్తి ఒప్పుకున్న కట్టుబాటే అది. కాబట్టి నోలా చేసేది ఉద్యోగం కాదు. పెళ్ళికాని ముగ్గురు గని మనుషుల దుప్పట్లు, సీసం దుమ్ము పట్టిన పని బట్టలు పెరటి గేట్లోంచి లోపలికి వచ్చేవి, ఉతికి ఇస్త్రీ చేశాక పెరటి గేట్లోంచే పోయేవి. అంతే. ఉద్యోగం లేదు కాబట్టి బిళ్ళ లేదు. బిళ్ళ లేదు కాబట్టి జాబితాలో లేదు. యూనియన్ హాలు నుంచి ఇల్లు చేరేదాకా క్లెమ్ ఇదే ఆలోచించాడు. నడుము మీద పెట్టె బరువుగా ఊగుతోంది.

నోలా పెనం మీద చాప్స్ తిప్పుతోంది. గిన్నెలో తురిమిన చీజూ క్యారెట్టూ కలిపి పెట్టింది.

"చొక్కా విప్పు" అన్నాడు.

"ఏంటీ, మంగళవారం పూట?"

"నవ్వకు. స్టవ్ ఆపు. నాలుగున్నర దాకా ఇది నా ఒంటి మీదే ఉండాలన్నారు. నీ ఒంటి మీద ఉంటుంది."

ఆమె పెనం పక్కకి జరిపింది గానీ చేతిలో గరిటె వదల్లేదు. "పిచ్చిగానీ పట్టిందా? దాని మీద నీ నంబరుంది."

గనిలోకి దిగేముందు ఎవడి ఇత్తడి బిళ్ళ వాడు బోర్డుకి తగిలించాలి. పైకొచ్చాక తీసుకోవాలి. లోపల ఎవడున్నాడో లెక్క తెలియడానికి పెట్టిన పద్ధతి. అయినా ఒకడి బిళ్ళ ఇంకొకడు తగిలించి దిగడం ఆ ఊళ్ళో తప్పు కాదు. తాగి లేవలేనివాడికి, ఇంట్లో పురుడైనవాడికి తోటివాడు చేసిపెట్టే సాయం అది. చెయ్యనివాణ్ణి మనిషిగా చూడరు. నంబరు ఎవడిదైతేనేం, సాయంత్రానికి బండ బద్దలైతే చాలు.

"రెగ్ పెంగెల్లీకి కూతురు పుట్టినప్పుడు వారం రోజులు వాడి బిళ్ళ మీద నేను దిగలేదా?" అన్నాడు క్లెమ్. "ఇదీ అంతే."

"అది గని. వీళ్ళు డాక్టర్లు."

"టేపు నాదనుకుని చూస్తారు. చూస్తే నీ గుండెలో ఏముందో కనబడుతుంది. కనబడితే పిలుస్తారు. అప్పుడు చెప్తా, ఇది నోలాదీ అని. కళ్ళతో చూశాక కాదంటారా? అంత మర్యాదగా మాట్లాడే మనిషి."

నోలా గరిటె సింకులో పడేసింది. కర్టెన్ లాగింది. చొక్కా గుండీలు ఒక్కొక్కటే తీసింది.

క్లెమ్ తన ఒంటి మీద తీగలు ఊడదీసుకుని, కొత్త ప్లాస్టర్లు పొట్లంలోంచి తీసి బల్ల మీద వరసగా పెట్టుకున్నాడు. గరుకు కాగితం లేదు. అగ్గిపెట్టె గరుకు పక్కతో రుద్దాడు.

"మండుతోంది మొద్దూ!"

"ఆగు. తెల్లది ఇక్కడ. నల్లది ఇక్కడ."

పై మూడూ బాగానే అంటుకున్నాయి. ఎర్రది అంటించబోతే చోటు దొరకలేదు. అతని ఒంటి మీద బల్లపరుపుగా ఉన్న పక్కటెముకలు ఆమె రొమ్ము కింద ఎక్కడో ఉన్నాయి. రొమ్ము మీద అంటిస్తే తీగ బరువుకి జారిపోతోంది. కింద అంటిస్తే తడికి నిలవడం లేదు. రెండు ప్లాస్టర్లు పాడయ్యాయి. చివరికి ఆమె తనే చేత్తో ఎత్తి పట్టుకుంటే, అతను తువ్వాలుతో అద్ది, బొటనవేలితో అదిమి, వంద దాకా లెక్కపెట్టాడు.

"ఇది చేసినవాళ్ళకి పెళ్ళాలు లేరేమో" అంది నోలా, పైకప్పు చూస్తూ.

"మాట్లాడకు. లెక్క తప్పుతుంది."

వంద అయ్యాక అతను వెంటనే చెయ్యి తియ్యలేదు. వేలి కింద ఏదో పరిగెడుతోంది, మధ్యలో ఒకటి తడబడుతోంది, మళ్ళీ పరిగెడుతోంది. గోడ గడియారం ఆరూ ఇరవై చూపిస్తోంది. అగ్గిపెట్టె మీద ఆ టైము రాసి పెట్టుకున్నాడు. మందుపాతరకి నిప్పంటించిన టైము రాసుకోవడం అతనికి అలవాటు.

*

బుధవారం గనిలో అన్నాల వేళ స్టాంకో వచ్చి క్లెమ్ పక్కన కూచుని మోచేత్తో పొడిచాడు. నోలా దగ్గర బట్టలు వేసే ముగ్గురిలో అతనొకడు.

"పెట్టె ఏదిరా క్లెమ్?"

"చొక్కా కింద." నిజానికి చొక్కా కింద ఉన్నది శాండ్‌విచ్ డబ్బా, బెల్టుతో కట్టుకున్నాడు.

"టిక్కు టిక్కుమంటదా?"

"నీ మొహం చూసి ఆగిపోయింది."

"నా గుండెలో వాళ్ళకేం దొరకదు. పెళ్ళి చేసుకోలేదుగా నేను!" అని పెద్దగా నవ్వాడు స్టాంకో. తర్వాత గొంతు తగ్గించాడు. "మీ ఆవిడకి ఒంట్లో బాగుందా? పోయిన వారం దుప్పట్లు ఆలస్యమైనయ్. అడగడానికి మొహమాటమేసింది."

"బాగానే ఉంది" అన్నాడు క్లెమ్. మిగిలిన రొట్టె కాగితంలో చుట్టేశాడు.

మూడింటికి ఇంట్లో అడుగు పెట్టేసరికి నోలా వంటింటి కుర్చీలో కూచుని ఉంది. పగటి పూట ఆమె కూచుని ఉండటం అతను ఎప్పుడూ చూడలేదు. మాంసం కొట్టువాడు చుట్టిచ్చిన కాగితం వెనక పెన్సిలుతో రాసుకున్నది అతని ముందుకి తోసింది. మూడూ పదికి తీగలు విప్పాడు. చర్మం మీద ఐదు ఎర్ర చదరాలు పొంగి ఉన్నాయి.

సిస్టర్ ఇచ్చిన అట్ట బల్ల మీద పెట్టి, ఆమె రోజుని తన రోజుగా మార్చడానికి కూచున్నాడు.

"ఏడూ నలభై. రాగి బాన కింద మంట పెట్టా, నీళ్ళు తోడా" అని చదివింది నోలా.

"నిచ్చెన దిగాను" అని రాశాడు క్లెమ్.

"తొమ్మిదీ ముప్ఫై అయిదు. దుప్పట్లు పిండి దండెం మీద వేశా. ఇక్కడ వచ్చింది. దవడ, చెయ్యి. వాంతొచ్చినట్టయింది. గుంజ పట్టుకుని నిలబడ్డా, పోయేదాకా."

"ఎంతసేపు?"

"ఏమో. పక్కింటావిడ రేడియోలో రెండు పాటలు."

"పారతో రాయి ఎత్తి పోశాను. ఛాతీలో నొప్పి" అని రాశాడు క్లెమ్.

"ఛాతీలో కాదు, దవడలో."

"దవడంటే మళ్ళీ పళ్ళంటారు. ఉండనీ."

"పదకొండుకి కట్టెలు మోశా. మళ్ళీ వచ్చింది. పన్నెండున్నరకి తడి బట్టల బుట్ట. అప్పుడూ వచ్చింది. ఒంటిగంటన్నర, ఇస్త్రీ."

"ఇస్త్రీకి, కూచున్నాను అని రాస్తా."

"కూచుని ఇస్త్రీ చేస్తానా నేను?"

"గనిలో ఇస్త్రీ లేదుగా నోలా."

ఆమె నవ్వింది. నవ్వి, దవడ పట్టుకుంది. "ఒక పని చెయ్. అక్కడ కూడా పారే రాయి. పొద్దున్నించి సాయంత్రం దాకా పారే అని రాసెయ్. పెద్ద తేడా లేదు."

నాలుగున్నరకి పెట్టె సిస్టర్ చేతిలో పెట్టేటప్పుడు క్లెమ్ ఛాతీ మీద ప్లాస్టర్లు మళ్ళీ సరిగ్గా ఉన్నాయి, తెల్లది తెల్లదాని చోట, ఎర్రది ఎర్రదాని చోట. ఆమె అట్ట చదివి అతని మొహంలోకి చూసింది. "నొప్పా? నిన్న చెప్పలేదే?"

"అడగలేదుగా సిస్టర్."

*

శుక్రవారం పదింటికి షిఫ్టు బాసు స్వయంగా డ్రిల్లు దగ్గరికి వచ్చాడు. "మిషను ఆపు. పార కింద పెట్టు. నిచ్చెన ఎక్కకు, లిఫ్టు బోనులో రా. డాక్టర్లు నిన్ను కదలొద్దన్నారు."

బోను పైకి వచ్చేసరికి కుర్చీ ఒకటి తెచ్చి పెట్టారు. బిళ్ళల బోర్డు దగ్గరున్న వాళ్ళు పక్కకి జరిగి దారిచ్చారు. ఒకరిద్దరు హెల్మెట్లు తీశారు. వాళ్ళ మొహాలు చూస్తే క్లెమ్‌కి నవ్వొచ్చింది. లోపల ఒక్కటే మాట మోగుతోంది, దొరికింది, దొరికింది. కారు దాకా నడుస్తానన్నా ఊరుకోలేదు. ఇద్దరు మోసుకెళ్ళారు.

యూనియన్ హాలు వెనక గదిలో క్రాడక్ అతని భుజం మీద చెయ్యి వేసి కూచోబెట్టాడు. సిస్టర్ బెవ్ అతని నాలుక కింద మాత్ర పెట్టబోతే మూతి పక్కకి తిప్పుకున్నాడు. బల్ల మీద పొడుగాటి కాగితం పట్టీ పరిచి ఉంది. గళ్ళ కాగితం మీద సన్నటి గీత కొండలు ఎక్కుతూ దిగుతూ పోతోంది.

"మంగళవారం ఆరింటప్పుడు తీగలు ఊడినట్టున్నాయి, కొన్ని నిమిషాలు ఏమీ లేదు. అది వదిలేద్దాం" అన్నాడు క్రాడక్. పెన్నుతో ఒకచోట చూపించాడు. "బుధవారం తొమ్మిదీ ముప్ఫై అయిదు. మీరు పారతో రాయి పోస్తున్నారు. ఈ గీత ఎట్లా కిందికి దిగిపోయిందో చూశారా? గుండెకి రక్తం చాలక పడే గీత ఇది. తొమ్మిది నిమిషాలు. మళ్ళీ పదకొండుకి. మళ్ళీ పన్నెండున్నరకి. మిస్టర్ ట్రెవారో, దాచకుండా చెబుతున్నాను. మీరు ఏ నిమిషంలోనైనా పడిపోవచ్చు. రెండు గంటలకి విమానం వస్తుంది. పట్నంలో మంచం సిద్ధం చేయించాను. సోమవారం లోపల రక్తనాళాలు చూస్తాం."

"ఆడమనిషి కూడా ఆ విమానం ఎక్కొచ్చా?"

"మీ ఆవిడ తోడు రావచ్చు. చోటుంది."

"తోడు కాదు డాక్టర్. ఆ మంచం ఆవిడకే." క్లెమ్ కుర్చీలోంచి లేచాడు. "అది నోలా గుండె. మంగళవారం గుమ్మం దగ్గర నిలబడిందే, ఆవిడది. నేను కట్టాను. తీగలన్నీ సరిగ్గానే కట్టాను, కావాలంటే చూసుకోండి."

హాల్లోంచి మగవాళ్ళ దగ్గులు, నవ్వులు వినిపిస్తున్నాయి. క్రాడక్ కోప్పడతాడనుకున్నాడు క్లెమ్. కోప్పడలేదు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ పట్టీ మీదకి వంగాడు.

"తొమ్మిదీ ముప్ఫై అయిదుకి ఆవిడ ఏం చేస్తున్నారు?"

"దుప్పట్లు ఆరేస్తోంది."

"పార కాదా?"

"దుప్పట్లు."

క్రాడక్ పెన్నుకి మూత పెట్టాడు. ఆ మూత పడిన చిన్న చప్పుడు క్లెమ్‌కి గనిలో పేలుడు కంటే గట్టిగా వినిపించింది.

"ఆడవాళ్ళలో ఈ గీత ఇట్లా పడటం మామూలేనండీ" అన్నాడు. "సగం మందిలో దీనికి అర్థమే ఉండదు. కంగారుకి పడుతుంది, ఊపిరి గబగబా పీల్చినా పడుతుంది. మొగుడు దొంగతనంగా మిషను కట్టాడంటే కంగారు ఉండదా? పైగా దుప్పట్లు ఆరేయడం అంత శ్రమ ఏం కాదు."

"ఐదు నిమిషాల కింద ఇదే గీతకి విమానం రప్పించారు."

"అది మగవాడిదనుకుని."

"గీత అదే కదా డాక్టర్?"

"గీత అదే. దాని అర్థం మాత్రం ఎవరిదన్న దాన్ని బట్టి ఉంటుంది. మగవాళ్ళవి నాలుగు వేల గీతలు చూశాం. ఇట్లా దిగితే ఏమవుతుందో లెక్క తెలుసు."

"మరి ఆడవాళ్ళకి లెక్కేంటి?"

క్రాడక్ జవాబు చెప్పే ముందు కిటికీ వైపు చూశాడు. "లేదు" అన్నాడు. "చిక్కు అక్కడే ఉంది. మాకు తెలీదు."

"తెలీనప్పుడు చూడొచ్చుగా!"

"డాక్టర్, మధ్యాహ్నం ఆవిణ్ణి పిలిపించనా? పావుగంట పని" అంది సిస్టర్ బెవ్, చెయ్యి బల్ల మీద ఆనించి.

"బయట నలభై మంది ఉన్నారు సిస్టర్. అయిదింటికి హాలు ఖాళీ చెయ్యాలి." అతను కాగితం తీసుకుని ఊరి డాక్టరుకి నాలుగు లైన్లు రాశాడు, కవర్లో పెట్టి అంటించాడు. "ఇది ఇవ్వండి. వచ్చే వారంలో ఎప్పుడైనా ఆయన చూస్తారు. కంగారు పడొద్దని చెప్పండి." తర్వాత ఫోను తీసి, రెండు గంటల విమానం అక్కర్లేదని చెప్పాడు. క్లెమ్ అక్కడే నిలబడి విన్నాడు.

ఆరువందల పదకొండు నంబరు అట్ట మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీత పడింది. పరిశోధన లెక్కల్లోంచి అతన్ని తీసేశారు. మంగళవారం పెట్టె అతని ఒంటి మీదున్న గంటా నలభై నిమిషాలూ కూడా పనికిరావన్నారు.

"ఆ పట్టీ నాకివ్వండి. ఊరి డాక్టరుకి చూపిస్తా" అన్నాడు క్లెమ్.

"పరిశోధన కాగితాలు బయటికి ఇవ్వం. పైగా ఇది ఎవరి కాగితం? మీది కాదు. ఆవిడ పేరు దీని మీద ఎక్కడా లేదు."

టేపులు వాళ్ళ దగ్గర లెక్కకి సరిపడానే ఉన్నాయి. హాల్లోంచి బయటికి నడుస్తూ క్లెమ్ చూశాడు, సిస్టర్ బెవ్ అదే టేపు చెరిపే మిషను మీద పెట్టి తిప్పి, అదే పెట్టెలో వేసి, రెగ్ పెంగెల్లీ ఛాతీకి తీగలు కడుతోంది. రెగ్ చెయ్యెత్తి ఊపాడు. "ఒరే, చచ్చిపోతున్నావని చెప్పారే!"

సిస్టర్ తల ఎత్తలేదు. ఆమె చేతులు మాత్రం ఆరోజు చకచకా కదలడం లేదు.

*

కబురు అతని కంటే ముందే ఇంటికి చేరింది. గుమ్మం దగ్గర చిన్న పెట్టె, దాని మీద అతని పైజమాలు, గడ్డం గీసుకునే సామాను. నోలా ఏడ్చి మొహం కడుక్కుని, తలుపు పట్టుకుని నిలబడి ఉంది.

"నీకా? నీకు ఉందా?" అంది.

"నాకేం లేదు. నీదే చూశారు."

కూచోబెట్టి మొత్తం చెప్పాడు. గీత దిగిందన్నాడు, మూడుసార్లు దిగిందన్నాడు. విమానం సంగతి చెప్పాడు. ఆడవాళ్ళలో మామూలేనన్నారని, వాళ్ళకి లెక్క తెలీదన్నారని, అదీ చెప్పాడు. ఆ ఒక్కటి దాచి ఉండాల్సిందని తర్వాత వెయ్యిసార్లు అనుకున్నాడు.

నోలా భుజాలు నెమ్మదిగా కిందికి దిగాయి. నాలుగు నెలల్లో మొదటిసారి ఆమె మొహం తేటపడింది.

"అయితే నాకేం లేదన్నమాట."

"అట్లా అనలేదు వాడు. తెలీదన్నాడు."

"మామూలే అన్నాడుగా? పట్నం డాక్టరు. గీత కళ్ళతో చూసి చెప్పాడు." ఆమె పైజమాలు మడతపెట్టి తిరిగి బీరువాలో పెట్టడానికి లేచింది. "నాలుగు నెలల నుంచీ చస్తానేమోనని లోపల్లోపల హడలిపోతున్నా క్లెమ్. నీకు చెప్పలేదు గానీ. కంగారే అయితే కంగారు పడకుండా ఉంటే సరిపోతుంది."

"నోలా, ఆ దుప్పట్లు కొన్నాళ్ళు మానెయ్."

"ఎందుకు? దుప్పట్లు ఆరేయడం శ్రమ కాదని నువ్వే చెప్పావుగా, డాక్టరన్నాడని."

ఇన్నాళ్ళూ ఆమెకి నొప్పొస్తే ఆగేది. నొప్పి ఏంటో తెలీక, భయపడి గుంజ పట్టుకుని నిలబడేది. ఆ భయాన్ని అతను యూనియన్ హాలుకి మోసుకెళ్ళి, పోగొట్టి తెచ్చాడు.

శనివారం కవరు తీసుకెళ్ళి ఊరి డాక్టరు గుమస్తా అమ్మాయి చేతికిచ్చాడు. గురువారం పదకొండింటికి రమ్మంది. అంతకు ముందు ఖాళీ లేదంది. ఆదివారం నోలా పిండిలో మాంసం కూరి పేస్టీలు చేసింది. పిండి గట్టిగా పిసికింది. మధ్యలో ఒకసారి ఆగి దవడ రుద్దుకుంది. అతను చూస్తున్నాడని గమనించి, "కంగారు" అని నవ్వి మళ్ళీ పిసికింది.

"నేను పిసుకుతా, ఇటివ్వు."

"నువ్వు పిసికితే బండలు తయారవుతాయ్. పో, పేపరు చదువుకో."

సోమవారం ఉతికే రోజు. పోయిన వారం ఆలస్యమైనవీ ఈ వారానివీ కలిపి ముగ్గురి దుప్పట్లూ ఉన్నాయి. క్లెమ్ బయల్దేరేటప్పటికే రాగి బాన కింద మంట పెట్టింది. "బుట్ట నిండా వెయ్యకు, సగం సగం మొయ్యి" అన్నాడు గేటు దగ్గర ఆగి. "వెళ్ళు వెళ్ళు, నీ బిళ్ళ ఎవడో తగిలించేస్తాడు" అంది ఆమె, ఆవిరిలోంచి.

పదకొండున్నరకి షిఫ్టు బాసు మళ్ళీ డ్రిల్లు దగ్గరికి వచ్చాడు. ఈసారి బాసు ఏమీ చెప్పకముందే క్లెమ్ మిషను వదిలేసి పరిగెత్తాడు.

*

మధ్యాహ్నం మూడింటికి వంటింటి బల్ల దగ్గర కానిస్టేబుల్ డెంప్సీ ఫారం పరిచి కూచున్నాడు. హఠాత్తుగా పోయిన మనిషికి కాగితం నింపాలి. పెరట్లో స్టాంకో, పక్కింటావిడ కలిసి నేల మీద పడ్డ తడి దుప్పట్లు ఏరి బుట్టలో వేస్తున్నారు.

"ఏమనుకోకండి మిస్టర్ ట్రెవారో. రాయక తప్పదు. వయసు?"

"యాభై ఒకటి."

"పని?"

క్లెమ్ పెరటి గేటు వైపు చూశాడు. "ఇంట్లోనే" అన్నాడు.

"మందులేమైనా వాడేవారా?"

"పసుపు మాత్రలు. నిద్రకి."

"గుండె జబ్బున్నట్టు ఇదివరకు ఎక్కడైనా తేలిందా? పరీక్ష, కాగితం, ఏదైనా?"

"తేలింది. మంగళవారం సాయంత్రం ఆరూ ఇరవై నుంచి బుధవారం మధ్యాహ్నం మూడూ పది దాకా."

డెంప్సీ కలం ఆపాడు. "ఏ ఆసుపత్రిలో?"

"ఈ వంటింట్లో."

"ఆ రికార్డు ఇప్పుడు ఎవరి దగ్గరుంది?"

"చెరిపేశారు. రెగ్ పెంగెల్లీ గుండె ఉంది దాని మీద."

కానిస్టేబుల్ మంచివాడు. వాదించలేదు. పాపం మనిషి మతి స్థిమితంలో లేడనుకున్నాడు కాబోలు, ఆ గడిలో ఒక చిన్న అడ్డగీత గీసి కింది గడికి వెళ్ళాడు. ఎంతసేపటి రికార్డు అని అతను అడగలేదు. అడిగేవాళ్ళు ఇంకెవరూ లేరు కాబట్టి క్లెమ్ బల్ల మీద వేళ్ళు పెట్టి, ఒక్కో గంటకి ఒక్కో వేలు మడుస్తూ, పదీ అయ్యాక మళ్ళీ మొదట్నించి మడుస్తూ తనే లెక్క చేసుకున్నాడు. ఆ ఇంట్లోంచి పోయింది ఇరవై గంటల యాభై నిమిషాలు.